చిన్నాయన కొడుకు తెచ్చిన క్యాప్సూల్, నాయన మానేసిన మాత్ర

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర ఒక పల్లె. మా నాయనకు 64 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నిరుడు కుడిచెయ్యి వణకడం మొదలైంది, నడక నెమ్మదించింది. తిరుపతిలో నరాల డాక్టరు చూసి పార్కిన్సన్స్ అన్నారు. రోజుకు మూడుసార్లు మాత్ర రాశారు. వేసుకుంటే బాగానే తిరుగుతాడు. ఈమధ్య మా చిన్నాయన కొడుకు ఒక కంపెనీలో చేరి క్యాప్సూల్స్ అమ్ముతున్నాడు. అందులో ద్రాక్షగింజల సారం, పసుపు సారం, కోక్యూ టెన్ ఉన్నాయట. "మాత్ర పైపైన పనిచేస్తుంది పెదనాయనా, లోపల నరాల కణాలు చచ్చిపోతానే ఉంటాయి, ఇది ఆ కణాలను కాపాడుతుంది" అని చెప్పి నెలకు 3,800 రూపాయల డబ్బాలు అంటగట్టాడు. ఫోన్లో ఇంగ్లీషు రీసెర్చి పేపర్లు కూడా చూపించాడు. నాయన అది నమ్మి మధ్యాహ్నం మాత్ర మానేశాడు. మా మేనత్త ఏమో దూలగొండి గింజల పొడి పాలలో కలిపి తాగమంటుంది. కాదంటే అన్నకు కోపం, అత్తకు నిష్ఠూరం. ఆ పేపర్లు అబద్ధమా? నిజమైతే వాడితే తప్పేంటి? తిండిలో ఏం మార్చాలి? ఈ జబ్బు నాకూ వస్తుందా? నాకు 41. అయిదేళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను, రాత్రిపూట అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. నేనూ ఆ క్యాప్సూల్స్ మొదలుపెట్టాలా?
ఒక కూతురు, తిరుపతి జిల్లా

జవాబు: అమ్మా, పసుపు, ద్రాక్షగింజలు, పేపర్లు అన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ మధ్యాహ్నం మాత్ర. మీరు రాసినదాన్ని బట్టి అది లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర అయ్యుండాలి, అట్ట మీద పేరు చూసుకోండి. దాన్ని ఎవరికి వారు తగ్గించుకోకూడదు. ఒక పూట మానితే ఆ పూట వణుకు, కాళ్లు బిగుసుకోవడం తిరిగొస్తాయి. పెద్దవాళ్లు పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకునేది అట్లాంటప్పుడే. మొత్తం మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే ఇంకా ప్రమాదం. ఒళ్లంతా కొయ్యబారి, జ్వరం విపరీతంగా పెరిగి, ఐసీయూలో పెట్టాల్సిన పరిస్థితి అరుదుగానైనా వస్తుంది. ఈ జవాబు చదివిన రోజే డాక్టరుకు ఫోన్ చేసి, ఎన్నాళ్ల నుంచి మధ్యాహ్నం మాత్ర వేసుకోవట్లేదో చెప్పండి. మళ్లీ ఎట్లా మొదలుపెట్టాలో ఆయన చెబుతారు. పోయిన మాత్రకు బదులని రెండేసి వేయించకండి.

నేను డాక్టర్ని కాదు. మందు ఒంట్లోకి వెళ్లాక దాని గతి ఏమవుతుందో ఫార్మసీ పిల్లలకు పాఠం చెప్పి రిటైరైన మనిషిని. కాబట్టి మీ ప్రశ్నల్లో నాకు బాగా చేతనైనది ఆ పేపర్ల సంగతే. దాని గురించే ఎక్కువ రాస్తాను.

ఆ పేపర్లు అబద్ధం కాకపోవచ్చు. అట్లాంటివి వేలల్లో ఉన్నాయి, చాలామంది నిజాయితీగానే చేశారు. వాటి వెనకున్న ఆలోచన కూడా గట్టిదే. మన మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే, కానీ మనం పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. ఆక్సిజన్‌తో శక్తి తయారయ్యేచోట, అంటే మైటోకాండ్రియాలో, కొంత ఆక్సిజన్ దారి తప్పి సూపరాక్సైడ్‌గా మారుతుంది. దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. దానికి ఇనుము తగిలితే హైడ్రాక్సిల్ అనే మహా దూకుడు అణువు తయారవుతుంది. వీటినే ఫ్రీ రాడికల్స్ బాపతు అంటారు. నరాల కణాల పొరల్లో వీటికి సులువుగా లొంగిపోయే రకం కొవ్వు ఎక్కువ. డబ్బాలో చెనిగనూనె పాతబడి ముక్కిపోయేది ఏ రసాయన చర్యతోనో, ఇక్కడ జరిగేదీ అదే, ఆక్సీకరణ. పైగా నరాల కణం ఒకసారి చనిపోతే చర్మంలో లాగా పక్క కణం రెండుగా చీలి ఆ ఖాళీ పూడ్చదు.

పార్కిన్సన్స్‌లో దెబ్బతినేది మధ్యమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న నల్లటి పట్టీ. ఒంటి కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు అక్కడుంటాయి. డోపమైన్ తనకు తానే ఆక్సీకరణం చెందే పదార్థం, ఆ పట్టీ నల్లగా ఉండటానికి కారణం కూడా అదే. ఇనుము సైతం అక్కడ ఎక్కువ. ఈ జబ్బుతో పోయినవారి మెదడు పరీక్షించినప్పుడు, ఆ భాగంలో గ్లూటాథయోన్ అనే మన సొంత యాంటీఆక్సిడెంట్, అంటే ఆక్సీకరణను అడ్డుకునే పదార్థం, తగ్గిపోయి ఉండటం చూశారు. అంటే మీ అన్న చెప్పినదాంట్లో మొదటి సగం నిజమే. కణాలు చనిపోవడం నిజం, అందులో ఆక్సీకరణ పాత్ర నిజం, మాత్ర ఆ చావును ఆపదన్నదీ నిజం.

దీనికి ఒక కథ కూడా ఉంది. 1982లో కాలిఫోర్నియాలో కొందరు కుర్రవాళ్లు దొంగచాటుగా తయారైన మత్తుమందు ఎక్కించుకుని, రోజుల్లోనే ముసలివాళ్లలా బిగుసుకుపోయారు. విలియం లాంగ్‌స్టన్ అనే నరాల డాక్టరు ఆరా తీస్తే, తయారీలో జరిగిన తప్పువల్ల ఎంపీటీపీ అనే పదార్థం అందులో చేరిందని తేలింది. అది మెదడులోకి వెళ్లి మరో రూపం దాల్చి, డోపమైన్ కణాల్లో దూరి మైటోకాండ్రియాను నిలిపేస్తుంది. అప్పట్నుంచి ప్రపంచంలోని లేబొరేటరీలన్నింటికీ పార్కిన్సన్స్‌ను ఎలుకలో, గాజు పళ్లెంలో తెప్పించే సాధనం దొరికింది. మీ అన్న ఫోన్లో ఉన్న పేపర్లలో చాలాభాగం ఆ దారిలో వచ్చినవే అయ్యుంటాయి.

ఈసారి ఆ పేపరు తెరిచి, ప్రయోగం ఎట్లా చేశారో చెప్పే భాగం చదవమనండి. సాధారణంగా ఇట్లా ఉంటుంది. నరాల కణాల్లాంటివి, తరచుగా ఒక రకం క్యాన్సర్ గడ్డ నుంచి తీసి పెంచిన కణాలు, గాజు పళ్లెంలో ఉంటాయి. వాటి మీద పసుపులోని కర్కుమిన్‌నో, ద్రాక్షలోని రెస్వెరట్రాల్‌నో నేరుగా పోస్తారు. కొన్ని గంటలాగి విషం పోస్తారు. మందు పోయని పళ్లెంలో కణాలు సగానికి సగం చస్తాయి, పోసిన పళ్లెంలో ఎక్కువ బతుకుతాయి. నరాల కణాలను చావునుంచి కాపాడిందని పేపరు రాస్తారు. రాసింది తప్పు కాదు. కానీ ఇక్కడ మూడు విషయాలు గమనించాలి. రక్షణ ముందు, విషం తర్వాత. మీ నాయన విషయంలో వరస తలకిందులు. చెయ్యి వణకడం కనబడే నాటికే ఆ పట్టీలో సగం దాకా కణాలు పోయి ఉంటాయని అంచనా, నష్టం ఏళ్ల తరబడి సాగుతూ వచ్చింది. రెండోది మోతాదు. పళ్లెంలో పోసినంత చిక్కగా ఆ పదార్థం మన రక్తంలో ఎప్పుడూ ఉండదు. మూడోది, ఎలుకకు ఒక్కరోజులో తెప్పించిన జబ్బు, మనిషికి ఇరవై ఏళ్లలో వచ్చిన జబ్బు ఒకటే కావు.

మోతాదు సంగతి నాకిష్టమైన పాఠం, కాస్త ఆగి చెబుతాను. పక్కనున్న బెంగళూరులో, సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో 1998లో ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు 2 గ్రాముల కర్కుమిన్ ఇచ్చి రక్తం పరీక్షిస్తే, దాని జాడ దాదాపు దొరకలేదు. పేగులు, కాలేయం దాన్ని వచ్చింది వచ్చినట్టే మార్చి బయటికి పంపేస్తాయి. దానికి 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల ఘాటు, జోడించి ఇస్తే రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగింది. ఇప్పుడు మార్కెట్లో దొరికే చాలా పసుపు క్యాప్సూల్స్ మీద మిరియాల సారం పేరు కనబడేది అందుకే. కానీ మొదట ఉన్నదే అంతంతమాత్రం, దానికి 20 రెట్లంటే ఎంత? ఆ తర్వాత రక్తం నుంచి మెదడులోకి దాటాలి. అక్కడ రక్తనాళాల గోడలు మామూలుచోట్ల కంటే చాలా బిగుతు, ఏది పడితే అది దాటనివ్వవు. డోపమైన్‌నే నేరుగా ఇస్తే దాటదు, అందుకే మెదడులోకి వెళ్లాక డోపమైన్‌గా మారే లెవోడోపాను ఇవ్వాల్సి వస్తోంది. ఇక మన వంటపసుపులో కర్కుమిన్ ఉండేదే సుమారు 3 శాతం.

ఇంకో చిక్కు ఉంది. ఈ మొక్కల పదార్థాలు ఒంట్లో ఫ్రీ రాడికల్స్‌ను ఎదురెళ్లి పట్టుకుంటాయని డబ్బా మీద బొమ్మ వేస్తారు. అంత చిక్కదనమే లేనప్పుడు పట్టుకునేదేముంది? నిజంగా జరిగేది వేరేగా ఉందని ఇప్పుడు ఎక్కువమంది అనుకుంటున్నారు. మొక్కకు అవి పురుగునూ బూజునూ తరమడానికి పనికొచ్చే ఘాటు పదార్థాలు. మన కణం వాటిని చిన్నపాటి విషంగా చూస్తుంది. చూసి తన సొంత రక్షణ సామగ్రిని, అంటే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్, గ్లూటాథయోన్ తయారుచేసే ఎంజైములను పెంచుకుంటుంది. కొద్దిగా అయితే మేలు, మరీ ఎక్కువైతే నిజంగానే విషం. డబ్బా మీద "యాంటీఆక్సిడెంట్ శక్తి ఇన్ని వేల యూనిట్లు" అని ఉంటే దాన్ని అసలు పట్టించుకోకండి. పరీక్షనాళికలో కొలిచే ఆ అంకెల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ చాలాకాలం నడిపి, ఒంట్లో ఆరోగ్యానికీ ఆ అంకెకూ సంబంధం చూపించలేమని 2012లో తనే తీసేసింది.

సరే, సిద్ధాంతం పక్కన పెట్టి మనుషుల్లో ఏం జరిగిందో చూద్దాం. అమెరికా, కెనడాల్లో 800 మంది కొత్త పార్కిన్సన్స్ రోగులకు రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చి చూశారు. 1993లో ఫలితం వచ్చింది: జబ్బు నెమ్మదించలేదు. మీ డబ్బాలో ఉన్న కోక్యూ టెన్‌ను, అంటే కణాల్లో శక్తి తయారీకి తోడ్పడే పదార్థాన్ని, 600 మంది మీద, రోజుకు 1,200, 2,400 మిల్లీగ్రాముల చొప్పున పరీక్షించి 2014లో ప్రకటించారు: ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ వీళ్లకూ తేడా లేదు. మీ డబ్బా మీద కోక్యూ టెన్ ఎన్ని మిల్లీగ్రాములో చూసి ఆ అంకె పక్కన ఈ అంకె పెట్టుకోండి. జింకో అనే చెట్టు ఆకు సారాన్ని 3,000 మందికి పైగా పెద్దవాళ్లకు ఏళ్ల తరబడి ఇచ్చారు, మతిమరుపు జబ్బును ఆపలేదని 2008లో తేలింది. ఇవన్నీ కంపెనీ వాళ్లనో మొక్కల వైద్యాన్నో పడగొట్టాలని చేసినవి కావు. పని చేస్తుందని గట్టిగా ఆశపడ్డవాళ్లే చేశారు.

అన్నీ విఫలమే అనడం కూడా సరికాదు. అల్జీమర్స్ ఉన్నవారిలో ఎక్కువ మోతాదు విటమిన్ ఇ రోజువారీ పనులు చేసుకోగలిగే శక్తి తగ్గడాన్ని కొంత నెమ్మదింపజేసిందని 1997లోనూ 2014లోనూ వచ్చిన ఫలితాలున్నాయి. అదే విటమిన్ అల్జీమర్స్ ఇంకా రాకముందు, కొద్దిపాటి మతిమరుపు దశలో ఇస్తే లాభం లేదని 2005లో మరో ఫలితం. ఎడారవోన్ అనే యాంటీఆక్సిడెంట్‌ను ఏఎల్‌ఎస్ అనే కండరాలు చచ్చుబడే నరాల జబ్బుకు మందుగా 2017లో అమెరికా ఆమోదించింది, అప్పుడు అది సెలైన్ ద్వారా ఎక్కించే కృత్రిమ మందు. మీ నాయన జబ్బుకు మాత్రం ఇప్పటివరకు ఏ సహజ యాంటీఆక్సిడెంటూ కణాల చావును ఆపినట్టు మనుషుల్లో రుజువు కాలేదు.

మాత్ర పైపైనే పనిచేస్తుంది అన్న మాటకూ జవాబివ్వాలి. లెవోడోపా కూడా ఆక్సీకరణం చెందే పదార్థమే కాబట్టి అదే కణాలను చంపుతుందేమోనని డాక్టర్లకే ఒకప్పుడు భయముండేది. నెదర్లాండ్స్‌లో 445 మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి వెంటనే, ఇంకొకరికి 40 వారాలాగి లెవోడోపా మొదలుపెట్టారు. 2019లో ఫలితం: 80 వారాల తర్వాత ఇద్దరూ ఒకేచోట ఉన్నారు. జబ్బును ఆపలేదు, పెంచలేదు. కానీ మీ నాయన చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడంటే ఆ మాత్ర వల్లే. దాన్ని పైపైన అనడం నాకు నచ్చదు.

వాడితే తప్పేంటి అన్నారు. కాలేయం ఒకటి. పైపరిన్ కలిపిన పసుపు క్యాప్సూల్స్‌తో, చిక్కటి గ్రీన్ టీ సారంతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. పైపరిన్ పసుపును ఒక్కదాన్నే కాదు, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ లాంటి మందులనూ రక్తంలో పెంచుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవారికి జింకో, ఎక్కువ విటమిన్ ఇ మంచివి కావు. విటమిన్ కదా, ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకుంటారు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద చేసిన పరీక్షలో బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో తేలింది. మీ నాయన వయసు మగవాళ్లకు అది చిన్న విషయం కాదు. అన్నిటికంటే పెద్ద నష్టం మీ ఇంట్లో ఇప్పటికే జరిగింది: క్యాప్సూల్ వచ్చింది, మాత్ర పోయింది.

దూలగొండి సంగతి పూర్తిగా వేరు. మీ మేనత్తను తేలిగ్గా తీసేయకండి, ఆమె చెప్పినదాంట్లో క్యాప్సూల్ కంటే సత్తా ఉంది. చిక్కల్లా ఆ సత్తాతోనే. ఆయుర్వేదంలో కంపవాతానికి వాడే ఆ గింజల్లో లెవోడోపానే ఉంటుంది, సుమారు 4 నుంచి 6 శాతం దాకా. అంటే మాత్రలో ఉన్న మందే పాలలో రెండోసారి తాగినట్టు. ఎంత తాగాడో ఎవరికీ తెలియదు, ఈ సంచిలో పొడికీ వచ్చే సంచిలో పొడికీ తేడా ఉంటుంది. ఎక్కువైతే వాంతులు, లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం, ఒళ్లు మెలికలు తిరిగేలా కదలికలు, లేనివి కనబడటం. ఆయుర్వేదం మీద నమ్మకముంటే తిరుపతిలో దేవస్థానం వాళ్ల ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది. అక్కడ డాక్టరుకు ఇంగ్లీషు మాత్రల చీటీ, ఇక్కడి డాక్టరుకు అక్కడి చీటీ చూపించండి. కిరాణా కొట్టు పొడి మాత్రం వద్దు.

ఇంకోమాట, మన జిల్లా కాబట్టి చెబుతున్నాను. రెస్వెరట్రాల్‌కు దగ్గరి చుట్టమైన టెరోస్టిల్బీన్ అనే పదార్థాన్ని ఎర్రచందనం కట్టెలో కనుక్కున్నారు, 1940లో. ఈ ముక్క పట్టుకుని రేపు ఎవరైనా ఎర్రచందనం పొడి నరాలకు మంచిదని తెచ్చిస్తే, నరాలు బాగుపడటం అటుంచి అటవీ శాఖ వాళ్లు ఇంటికొస్తారు.

తిండి దగ్గర నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఉసిరికాయ, నేరేడు పండ్లు, చింతచిగురు, మునగాకు, కరివేపాకు పొడి, పొట్టుతో చెనిక్కాయలు, నువ్వులు, దొగ్గలాకూ చెంచలాకూ కలిపి ఎనిపిన పులగూర, వీటిలో ఉన్నవన్నీ మీ అన్న డబ్బాలో లేవు. పండ్లు, ఆకులు బాగా తినే మగవాళ్లలో పార్కిన్సన్స్ తక్కువగా కనబడిందని పెద్ద సర్వేలున్నాయి, కాఫీ తాగేవాళ్లలోనూ అంతే. అది తిండి వల్లో, ఆ మనుషుల మిగతా అలవాట్ల వల్లో సర్వే ఒక్కటే తేల్చలేదు. అయినా తినండి, రుచికీ మంచిది, విరేచనానికీ మంచిది. పార్కిన్సన్స్‌లో మలబద్ధకం చాలామందిని పీడిస్తుంది, పేగు కదలకపోతే మాత్ర కూడా సరిగా అందదు.

తిండిలో నిజంగా చూసుకోవాల్సింది వేళ. లెవోడోపా పేగు నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి వెళ్లే దారిలోనే మాంసకృత్తుల ముక్కలు కూడా వెళ్తాయి. రెండూ ఒకేసారి వస్తే మాత్ర వెనకబడుతుంది. ఆదివారం మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు తిన్నాక మాత్ర వేసుకుంటే ఆ సాయంత్రం అంతా కాళ్లు లాగుతున్నాయంటారు, తప్పు మాత్రది కాదు. తిండికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేయించండి. వికారంగా ఉందంటే రెండు బిస్కెట్లతో ఇవ్వొచ్చు. కోడికూర మానాల్సిన పనిలేదు. ఐరన్ మాత్ర ఉంటే రెండుగంటల ఎడం పెట్టండి, ఇనుము లెవోడోపాను పట్టుకుంటుంది.

సంగటి మాట వచ్చింది కాబట్టి, మీ నాయన తినేటప్పుడు ఒకసారి ఎదురుగా కూర్చుని చూడండి. మన వైపు సంగటి నమలం, ముద్ద పులుసులో ముంచి మింగేస్తాం. ఈ జబ్బులో గొంతు కండరాలు కూడా నెమ్మదిస్తాయి. ముద్ద మింగగానే పొడిదగ్గు రావడం, గొంతు గరగరలాడటం, నీళ్లు తాగితే పొలమారడం కనబడితే ముద్ద చిన్నది చేసి, పులుసు ఎక్కువ పోసి పెట్టండి. ఈ విషయం డాక్టరుకు తప్పకుండా చెప్పండి. తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేయడం ఈ జబ్బులో పెద్ద ప్రమాదం.

క్యాప్సూల్‌కు పెట్టే డబ్బు ఎక్కడ పెట్టాలంటే నేను ఫిజియోథెరపీ అంటాను. అమెరికాలో 128 మంది కొత్త రోగుల మీద చేసిన పరీక్షలో, వారానికి నాలుగురోజులు ట్రెడ్‌మిల్ మీద గట్టిగా, గుండె బాగా కొట్టుకునేలా నడిచినవారికి ఆరునెలల్లో జబ్బు లక్షణాలు పెద్దగా పెరగలేదు, మామూలుగా ఉన్నవారికి పెరిగాయి. 2018లో వచ్చిన ఫలితం ఇది, చిన్న పరీక్షే. కణాలు బతికాయని అది చెప్పదు, మనిషి బాగా తిరిగాడని చెబుతుంది. ఈసీజీ తీయించి, గుండెకు ఇబ్బంది లేదంటే మీ ఊరి రోడ్డు మీదే పొద్దున చల్లపూట వేగంగా నడిపించండి, పక్కన ఒకరుండాలి. కొండ నడిచి ఎక్కుతానని మొక్కుకుని ఉంటే అలిపిరి 3,550 మెట్లు ఒక్కసారిగా వద్దు, డాక్టరును అడిగి చూద్దురు. ఒక చిత్రం ఏమంటే, చదునైన నేల మీద, గుమ్మం దగ్గర కాళ్లు అతుక్కుపోయే రోగులు కొందరు మెట్లు మాత్రం చకచకా ఎక్కుతారు. కంటికి గీత కనబడితే కాలు కదులుతుంది. మీ నాయన వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోతుంటే నేల మీద అడుగు దూరానికో రంగు టేపు అంటించి చూడండి.

ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆయన వాడే ప్రతి మందూ సంచిలో వేసుకెళ్లండి, ముఖ్యంగా గ్యాస్ మాత్రలు, కళ్లు తిరిగితే వేసుకునే మాత్రలు, వాంతుల మాత్రలు. గ్యాస్ మాత్రల్లో లెవోసల్పిరైడ్ కలిసినవి మనవైపు విరివిగా రాస్తారు. అది, మెటోక్లోప్రమైడ్, సిన్నరిజిన్, ఫ్లునరిజిన్, ఇవి డోపమైన్‌కు అడ్డుపడి వణుకును తెప్పించగలవు, ఉన్నదాన్ని పెంచగలవు. మందుల షాపులో అడిగి తెచ్చుకునేవి కాబట్టి నరాల డాక్టరు దాకా ఆ సంగతి వెళ్లదు.

ఇక మీ అన్న. అతను మోసగాడని నేననుకోను, అతనికి శిక్షణ ఇచ్చినవాళ్లు అట్లా చెప్పి పంపారు. "నీ మందు పనికిరాదు" అంటే కయ్యమే. "నాయన డాక్టరు ఈ డబ్బా చూస్తానన్నారు, ఆయన సరే అంటే కొంటాం, నువ్వూ రా" అని తీసుకెళ్లండి. డబ్బా మీద చిన్న అక్షరాల్లో వైద్య అవసరాలకు కాదు అని రాసి ఉంటుంది. మన దేశంలో ఇట్లాంటి ఆహార పూరకాల మీద ఆ మాట వేయాలన్నది నిబంధన. అది అతని చేతే చదివించండి. సీలు తీయని డబ్బాలుంటే వాపసు అడగండి. 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనల ప్రకారం వాపసు పద్ధతి ఏమిటో కొన్నవారికి కంపెనీ చెప్పి తీరాలి. మనుషులను చేర్పించి డబ్బు తీసుకునే గొలుసు పద్ధతిని ఆ నిబంధనలే నిషేధించాయి, ఆ ముక్క కూడా అతనికి మెల్లగా చెవిన వేయండి, అతని మంచికే.

మీ విషయానికొస్తే, పార్కిన్సన్స్ ఎక్కువమందికి వారసత్వంగా రాదు. నాయనకు 60 దాటాక వచ్చిందంటే మీకు రావాలని లేదు, మామూలు జనం కంటే ముప్పు కాస్త ఎక్కువ, అంతే. మీ చేనులో గడ్డిమందుగా పారాక్వాట్ కొడుతుంటే అది మానడం ఏ క్యాప్సూల్ కంటే మేలు. అది కణంలో పదేపదే సూపరాక్సైడ్‌ను పుట్టించే మందు, దాన్ని వాడిన రైతుల్లో పార్కిన్సన్స్ ఎక్కువని సర్వేలు చెబుతున్నాయి. తాగితే విరుగుడు లేదు, ఇంట్లో నిలవ ఉంచకండి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీ అరికాళ్ల తిమ్మిరి. మీరు నాయన గురించి అంత రాసి దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు. షుగరు వల్ల కాళ్ల నరాలు దెబ్బతినడం ఒక కారణం కావచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గడం ఇంకో కారణం, మాంసం, పాలు, గుడ్లు తక్కువ తినేవారిలో మరీ ఎక్కువ. ఇక్కడ నరాలను నిజంగా కాపాడగలం, చౌకగా. బీ12, మూడునెలల సగటు షుగరు, ఈ రెండు రక్తపరీక్షలు తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలోనో రుయా ఆసుపత్రిలోనో, దగ్గర్లోని ల్యాబులోనో ఈ వారంలో చేయించుకోండి. బీ12 తక్కువుంటే ఇంజెక్షన్లో మాత్రలో ఇస్తారు, ఆలస్యమైతే మాత్రం తిరిగిరాని నష్టం మిగులుతుంది. పరీక్ష కాకముందే ఎవరో చెప్పారని ఉత్త ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకోకండి, రక్తహీనత సర్దుకున్నట్టు కనబడి నరాల దెబ్బ లోపల సాగిపోతుంది. మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపకండి. పరీక్ష కాగితం తీసుకుని నాయనతోపాటే డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఒకే బస్సు ఖర్చు.